తోటలో ఆష్‌మీడ్స్ కెర్నల్

మార్చి 9, గ్లౌస్టర్

చెట్టు నడుమ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న కొమ్మలు తీసేశాను. 1700 ప్రాంతంలో ఈ ఊళ్లోనే ఆష్‌మీడ్ అనే డాక్టరు తోటలో పుట్టిన యాపిల్ రకమిది. అప్పట్నుంచీ అంటు మీద అంటు కడుతూ కాపాడుకొస్తున్నారు.

అమ్మ ఫోన్లో అడిగింది, "గింజ పాతితే రాదేంట్రా?"

"చెట్టొస్తుంది గానీ ఈ కాయ రాదమ్మా. మన నూజివీడు రసాల టెంక పాతితే అదే కాయ కాస్తుందా?"

"అదీ నిజమేలే."

మే 5

పూత విచ్చింది. మామూలు యాపిల్‌కు 34 క్రోమోజోములైతే దీనికి 51. అందుకే దీని పుప్పొడిలో సత్తువ తక్కువ. పక్క చెట్లకు పనికిరాదు, తన కాపుకేమో వాటి పుప్పొడే కావాలి. దడి అవతల క్రాబ్ యాపిల్ కూడా పూసింది. ఎండ కాసినంతసేపూ తేనెటీగలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

జూన్ 28

పిందెలు రాలుతున్నాయి. గుత్తికి ఒకటో రెండో ఉంచి మిగతావి తుంచేశాను.

అక్టోబర్ 13

కాయను అరచేత్తో కాస్త పైకెత్తి తిప్పితే తొడిమతో సహా ఊడొచ్చింది. తొక్క సపోటాలా గరుకు, గోధుమరంగు కింద లేత పచ్చదనం. కాపు ఒక ఏడు ఉన్నట్టు ఇంకో ఏడు ఉండదు. పెద్ద దుకాణాలకు ఈ రూపమూ నచ్చదు, ఈ కాపూ సరిపడదు. ఎర్రగా, నున్నగా ఉంటేనే మంచి పండనుకుని ఎంత రుచిని వదులుకున్నామో తలుచుకుంటే బాధేస్తుంది.

ఒక కాయ అడ్డంగా కోసి టింక్చర్ అయోడిన్ రాశాను. గింజల చుట్టూ తెల్లగానే ఉంది, తొక్క వైపంతా నల్లబడింది. నల్లబడినచోట ఇంకా పిండిపదార్థం ఉందన్నమాట. అది చక్కెర కావాలి, పులుపు విరగాలి. ఇంకో కాయ కొరికితే పళ్లు పులిసిపోయాయి.

నవంబర్ 2

గ్యారేజీలో చల్లటి మూల చూసి పెట్టాను. గరుకు తొక్క కాయల్లో నీరు తొందరగా ఆరిపోయి ముడతలు పడతాయి. అందుకని చిల్లులు పెట్టిన పాలిథిన్ సంచుల్లో వేశాను. ఏటా మామిడి మాగేసిన మనిషి కదా, అమ్మ ఊరుకోలేదు: "రెండ్రోజులకోసారైనా తిరగేసి చూడు. ఒకటి కుళ్లితే పక్కవీ పోతాయి."

డిసెంబర్ 27

ఇవాళ కోశాం. ముందు పులుపు తగిలింది, వెంటనే తీపి. నమిలేకొద్దీ బేరిపండు వాసన గొంతు దాకా వస్తోంది. కండ ఇంకా గట్టిగానే ఉంది. ఇక్కడివాళ్లు చెడ్డర్ చీజ్‌తో తింటారు, బాగుంటుంది. ఉప్పూకారం అద్దుకుంటే మరీ బాగుంది. పిల్లలు తొక్క చూసి వద్దన్నారు. ఒక ముక్క నోట్లో పెట్టాక పళ్లెం ఖాళీ చేశారు.

జనవరి 18

పక్కింటాయన అంటు కావాలన్నారు. పెన్సిలంత లావున్న నిరుటి కొమ్మలు కోసి, తడి కాగితం చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మార్చిలో కట్టొచ్చు. ఆయన పెరట్లో చోటు తక్కువ, ఎంఎం 106 వేరుమొక్క మీద కడితే చెట్టు పెద్దదైపోతుంది. ఎం 26 వేరుమొక్క తెప్పించుకోమన్నాను. దానికి మాత్రం గుంజ పాతి కట్టాలి.