టాపు లేచే బండి: బావగారికి ఉత్తరాలు

వుడ్‌ల్యాండ్, కాలిఫోర్నియా
అక్టోబరు 19

బావగారూ,

శుక్లాల ఆపరేషన్ అయ్యాక మిమ్మల్ని ఫోన్ చూడొద్దన్నారని అక్కయ్య చెప్పింది. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి తనకి పంపుతున్నాను. తను చదువుతుంది, మీరు వినండి. మధ్యలో అర్థం కాని చోట ఆవిడ్ని కసురుకోకండి, తప్పు నా దస్తూరీది.

ఇవాళ ఫ్యాక్టరీ చూశాం. శాక్రమెంటోకి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది ఈ ఊరు. చుట్టూ వరి, టమాటా. కోతలయిన మళ్లు చూస్తే ఉయ్యూరు దాటాక కనబడే పొలాలే గుర్తొచ్చాయి. కాకపోతే ఎంత దూరం పోయినా చేలో మనిషి కనబడడు.

మేం కొనబోయేది బండి కాదు, బండి మీద కూర్చునే గది. మాకున్న పికప్ ట్రక్కు తొట్టిలో దింపి, లోపల నుంచి నాలుగు మూలలా టర్న్‌బకిళ్లతో బిగిస్తారు. మీ షెడ్డులో లారీ ఛాసీకి మీరు బాడీని యూ బోల్టులతో కట్టేస్తే జన్మకి ఊడదు. దీన్ని మాత్రం కావలసినప్పుడు ఎక్కించుకోవచ్చు, దింపుకోవచ్చు. ప్రయాణంలో టాపు కిందికి దిగి ఉంటుంది కాబట్టి గాలికి అడ్డం రాదు. ఆగిన చోట లోపల నిలబడి ముందు పలకా వెనక పలకా పైకి నెడితే టాపు లేస్తుంది, చుట్టూ మందపాటి పరదా గోడలా నిలబడుతుంది. మంచం డ్రైవరు నెత్తి మీద. ఫోర్ వీల్ క్యాంపర్స్ అనే ఈ కంపెనీ 1972 నుంచీ ఇవే కడుతోంది. అస్థిపంజరమంతా అల్యూమినియం గొట్టాలే, ప్రతి అతుకూ వెల్డింగే. మీరుంటే ఒక్కో అతుకు మీదా గోరు పెట్టి గీకి చూసేవారు. మీ తరఫున నేను గీకాను. ఫ్యాక్టరీ చూపిస్తున్న కుర్రాడు నవ్వాడు.

తర్వాత కూర్చోబెట్టి ఆప్షన్ల ఫారం చేతికిచ్చారు. హీటరు, ఫ్రిజ్, వేడినీళ్ల ట్యాంకు, సోలార్ పలక, ఒకటా రెండా ఫ్యాన్లు, బయట పందిరి గుడ్డ, దించడానికి జాకీలు, పరదాకి లోపలి అస్తరు... ఎక్కడ సంతకం పెడితే అక్కడ డబ్బు. ఫారం ఇచ్చినాయన అడిగింది ఒకటే, “మీకేం కావాలి?” నాకు వెంటనే మీ షెడ్డు గుర్తొచ్చింది. కొత్త ఛాసీ తెచ్చిన ఓనరు పక్కవాడి లారీ చూపించి అలాంటి బాడీ కట్టమంటే, మీరు అతనికి కుర్చీ వేసి అడిగేవారు: “ఏం తోలతావు?” ఇసకా, పత్తి బేళ్లా, కోళ్లా? ఆ జవాబు వచ్చేదాకా టేపు జేబులోంచి తీసేవారు కాదు.

ఫారం పక్కన పెట్టి లెక్క వేశాను. ఇక్కడ ప్రతి బండికీ డ్రైవరు తలుపు దగ్గర ఒక స్టిక్కరు ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని. మా ట్రక్కుకి 848 కేజీలు. ఖాళీ క్యాంపరు 522. ఆశపడి టిక్కు పెట్టిన ఆప్షన్లన్నీ కలిపి 104. ఇరవై గ్యాలన్ల నీళ్లు 76. మేమిద్దరం 141, ఇందులో ఎవరి వాటా ఎంతో రాయొద్దని మా ఆవిడ ఆంక్ష. మొత్తం 843. మిగిలింది అయిదు కేజీలు! బియ్యం, కుక్కరు, బట్టలు, గ్యాసు అన్నీ ఆ అయిదులో ఇమడాలి.

ఫారం ఇవ్వడానికి 27 దాకా గడువు తీసుకున్నాం. ఈలోగా ఇక్కడ ఒకాయన దగ్గర ఇదే రకం పాతది అద్దెకు తీసుకుని, మా ట్రక్కు మీదే ఎక్కించుకుని, కొండల పక్కగా 395 రోడ్డు మీద దక్షిణానికి పోతున్నాం. ఏం తోలతామో మాకు తెలియాలిగా.

లీ వైనింగ్, మోనో సరస్సు
అక్టోబరు 21

బావగారూ,

రాత్రి చలికి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఇక్కడ దాదాపు రెండు వేల మీటర్ల ఎత్తు. పొద్దున చూస్తే బయట బక్కెట్లో నీళ్ల మీద అద్దం ముక్కలా మంచు.

సరస్సు సంగతి ముందు చెప్పాలి. దీంట్లోకి వచ్చే ఏళ్లని 1941 నుంచి లాస్ ఏంజెలెస్ నగరం కాలవల్లో తీసుకుపోయింది. నీటిమట్టం పడిపోయి, అడుగున ఉన్న సున్నపు దిబ్బలన్నీ బయటపడి పుట్టల్లా నిలబడ్డాయి. జనం వాటినే ఫొటోలు తీసుకుంటున్నారు. 1994లో రాష్ట్ర జలమండలి అడ్డుపడి సరస్సుకి కొంత నీరు వదలాలంది. కృష్ణ నీళ్ల తగాదాలు చూసిన మనకి ఇదేం వింత కాదు.

ఇక చలి. హీటరు విషయంలో నా అనుమానం తీరిపోయింది. ఇది ఫ్యాక్టరీలోనే పెట్టించాలి. గ్యాసుతో మండుతుంది, పొగ గోడకి ఉన్న రంధ్రంలోంచి బయటికి పోతుంది, లోపలికి పొడి వేడి వస్తుంది. ఆ రంధ్రం, ఆ గొట్టం తర్వాత పెట్టించాలంటే కట్టిన గోడ కోయాలి. చెక్క కొట్టాక వైరు గుర్తొస్తే చెక్కే ఊడదియ్యాలని మీరు కుర్రాళ్లని తిట్టేవారు చూడండి, అదే. దాని ఊదుడు చప్పుడు మాత్రం ఎక్కువే. రాత్రి అది మొదలైనప్పుడల్లా మా ఆవిడ లారీ వస్తోందనుకుని లేచింది.

డబ్బు మిగులుతుందని మొదట పొయ్యి వెలిగించుకుని వెచ్చబడదామనుకున్నాను. బుద్ధి తక్కువ ఆలోచన. పొయ్యి మంట గాలిలోకి తేమ వదులుతుంది, గది మూసి ఉంటే ప్రాణం తీసే విషవాయువూ వదులుతుంది. దాన్ని పసిగట్టే గంట గోడకి ఉంది. అది కూయకముందే మా ఆవిడ ఆర్పేసింది. అయినా తెల్లారేసరికి పరదా లోపలి వైపంతా చెమట. ఇద్దరి ఊపిరే, బావగారూ! చల్లటి గుడ్డకి తగిలి బొట్లు బొట్లుగా దిగి దుప్పటి అంచు తడిపింది. అస్తరు గడికి టిక్కు పెట్టేశాను.

ఫ్రిజ్ కథ ఇంకా పెద్దది. ఈ పాత క్యాంపరులో ఉన్నది గ్యాసు మంటతో చల్లబడేది. నిప్పు పెడితే చల్లబడటమేమిటంటారా? 1922లో స్వీడన్‌లో ఇద్దరు విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, మున్టెర్స్ అనేవాళ్లు కనిపెట్టారు. నీళ్లలో కలిసిన అమ్మోనియాని మంట మరిగించి విడదీస్తుంది, అది చల్లారి ద్రవమై, మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. మోటారు లేదు, చప్పుడు లేదు, బ్యాటరీ మీద భారం లేదు. కాకపోతే ఆ ద్రవం తనంతట తాను పల్లానికి జారి తిరిగి రావాలి, అంచేత బండి సమంగా నిలబడాలి. నిన్న మేం ఆపిన చోటు కాస్త వాలు. ఒడ్డున నిలబడి సరస్సు బాగుందనుకున్నామే తప్ప వాలు చూడలేదు. పొద్దునకి పెరుగు పులిసింది.

కంప్రెసరు ఫ్రిజ్‌కి ఈ బాధ లేదు, వాలులోనూ పనిచేస్తుంది. కానీ అది బ్యాటరీ తాగుతుంది. బ్యాటరీ నిండాలంటే సోలార్ పలక కావాలి. పలక పెడితే టాపు బరువెక్కుతుంది. టాపు బరువెక్కితే ఎత్తడానికి గ్యాసు కడ్డీలు కావాలి. గోచీని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లినీ, పిల్లి పాలకోసం ఆవునీ తెచ్చుకున్న సన్నాసి కథ మా ఆవిడ మొదలుపెట్టింది. సంసారం దాకా రాకముందే ఆపమన్నాను.

అలబామా హిల్స్, లోన్ పైన్
అక్టోబరు 23

ఈ ఉత్తరం అక్కయ్యకి.

అక్కయ్యా, తాలింపు గురించి అడిగావు. గోడలు గుడ్డవి కదా, లోపల ఆవాలూ ఇంగువా వేస్తే ఆ వాసన పరదా పట్టుకుని మళ్లీ వేసవి దాకా వదలదు. నిన్న కందిపప్పుకి తాలింపు లోపలే వేశాం, రాత్రి నిద్రలో కూడా పప్పు తింటున్నట్టే ఉంది. అందుకని ఒక నిర్ణయం: లోపల పొయ్యి ఉంటుంది, టీకి, అన్నానికి. తాలింపుకి బయట చిన్న పొయ్యి. వెనక గోడ మీద గ్యాసు గొట్టానికి ఒక కొళాయి బిగించే ఆప్షను ఉంటే బాగుండేదనుకున్నాను. అడగాలి.

నీ మరదలు పొట్టిదని నీకు తెలుసు. ముందు పలకని నెట్టి టాపు లేపాలంటే పరుపు మీదికెక్కి మోకాళ్ల మీద నిలబడి నెట్టాలి. ఈ అద్దె బండి టాపు మీద ఇనప చట్రమూ, పలకా, పందిరీ అన్నీ ఉన్నాయి. మూడుసార్లు నెట్టింది, లేవలేదు. దిగి వచ్చి ఒకే మాట అంది, “నేను ఒక్కదాన్నే ఎత్తలేని ఇల్లు నాకొద్దు.” చట్రం, పందిరి గుడ్డ ఆ క్షణమే ఫారంలోంచి ఎగిరిపోయాయి. సోలార్‌కి వైరు మాత్రం గోడలో ఫ్యాక్టరీలోనే వేయించి, ఒక్క పలకే పైన పెట్టిస్తాం. రెండోది కావాలంటే నేల మీద మడత పలక పెట్టుకుని అదే వైరుకి తగిలించుకోవచ్చు. నీడలో బండి, ఎండలో పలక. ఇది నీ మరదలి ఆలోచన, నాది కాదు.

ఎదురుగా విట్నీ కొండ, 4,421 మీటర్లు. గుండ్రాళ్ల మధ్య ఆగాం. 1939లో వచ్చిన ‘గంగా దిన్’ సినిమా కోసం మన వాయవ్య సరిహద్దు అని చెప్పి హాలీవుడ్ వాళ్లు తీసింది ఇక్కడే. నాకు మాత్రం కొండపల్లి పక్క బండల్లాగే కనబడుతున్నాయి.

డెత్ వ్యాలీ
అక్టోబరు 24

బావగారూ,

నిన్న స్వెట్టరు, ఇవాళ తుండుగుడ్డ. బ్యాడ్‌వాటర్ అనే చోటుకి వచ్చాం, సముద్రమట్టానికి 86 మీటర్ల కింద. 1913 జులైలో ఇక్కడికి దగ్గర్లో 56.7 డిగ్రీలు నమోదైంది. ఇప్పుడు అక్టోబరు చివర కాబట్టి రెంటచింతల మే నెలతో సరిపెట్టింది.

గ్యాసు ఫ్రిజ్ చేతులెత్తేసింది. బయట గాలే వేడిగా ఉంటే లోపలి వేడిని ఎక్కడికి తోస్తుంది పాపం! పాలు విరిగాయి. కంప్రెసరుదే ఖాయం. బ్యాటరీ లిథియంది తీసుకుంటాం, మామూలు దాంట్లో సగమే వాడుకోవాలి, బరువు చూస్తే రెట్టింపు. లిథియానికి ఒక్కటే పేచీ, సున్నా డిగ్రీల కింద చార్జింగు ఎక్కించకూడదు. మోనో దగ్గరి రాత్రి గుర్తుంచుకుని, దాన్ని లోపల సీటు కింద పెట్టించమంటాను.

ఫ్యాన్లు రెండు. ఒకటి లోపలికి గాలి లాగితే రెండోది బయటికి తోస్తుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, రాత్రి పదింటికి చెమటలో పడుకుని ఒక్క ఫ్యానుని చూస్తూ చెబుతున్నాను. కప్పుకి కన్నం పెట్టడం ఫ్యాక్టరీ పని. వాన కురిస్తే నా చేతి పనికి నేనే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

వేడినీళ్ల ట్యాంకు కొట్టేశాను. ఆరు గ్యాలన్ల నీళ్లు దాంట్లోనే 22 కేజీలకు పైగా. పొయ్యి మీద గిన్నెడు నీళ్లు కాచి, చెంబుతో పోసుకున్నాను, డెత్ వ్యాలీ మధ్యలో, చుట్టూ ఉప్పు. అయిదు నిమిషాల స్నానం.

మరుగుదొడ్డి డబ్బా మీద మా ఇద్దరి మధ్యా చర్చ నడుస్తోంది. వివరాలు రాయను.

బేకర్స్‌ఫీల్డ్ దగ్గర
అక్టోబరు 26

బావగారూ,

లారీలు ఆగే ట్రక్కు స్టాపులో కాటా ఉంటే బండి ఎక్కించాం. మనూళ్లోలాగే, ముందు ఇరుసు, వెనక ఇరుసు, మొత్తం, మూడూ విడివిడిగా అచ్చేసి ఇస్తారు. నా ముందున్న పద్దెనిమిది చక్రాల లారీ డ్రైవరు ఈ బుల్లి బండిని చూసి చెయ్యూపాడు. మొత్తం 3,250 కేజీలు. మా బండికి గరిష్ఠ బరువని రాసింది 3,198. యాభై రెండు ఎక్కువ! మీరయితే మామూలుగా దాటి వెళ్లే లెక్కే. కానీ ఇక్కడ టైరు పేలితే ఇన్స్యూరెన్సు వాడు అడిగే మొదటి కాగితం ఇదేనట.

పార్కింగులో సామానంతా కింద పెట్టి ఏరాం. ఈ బండికి నాలుగు మూలలా జాకీలు తగిలించే ఉన్నాయి, వారమంతా ఊరికే మోశాం. కొత్తదానికి బ్రాకెట్లు మాత్రం ఫ్యాక్టరీలో కొట్టించి, జాకీలు ఊడదీసి ఇంట్లోనే ఉంచుతాం. రెండు కుర్చీలు ఒకటయ్యాయి, రెండోది ఎవరికని అడక్కండి. టూల్ బాక్సులో సగం పోయింది. గూట్లో అడుగున బరువుగా ఏదో తగిలితే తీశాను. చిన్న రాతి రోలు, పొత్రంతో సహా ఏడు కేజీలు. మిక్సీ తేవద్దన్నాననే తెచ్చానంది. దాన్ని తీస్తే తానూ దిగిపోతానంది. అప్పుడు బరువు సమస్య పూర్తిగా తీరిపోతుంది కానీ, తిరిగి లోపల పెట్టాను.

ఇప్పుడు రాత్రి పది. ఫారం రేపు పొద్దున ఇవ్వాలి. హీటరు, అస్తరు, కంప్రెసరు ఫ్రిజ్, లిథియం బ్యాటరీ, సోలార్ వైరు, ఒక పలక, టాపు లేపే గ్యాసు కడ్డీలు, రెండు ఫ్యాన్లు, జాకీ బ్రాకెట్లు. ఆప్షన్ల బరువు 104 నుంచి 70కి దిగింది. అవి పోను మనుషులకీ, నీళ్లకీ, గ్యాసుకీ, తిండికీ 256 కేజీలు. నీళ్ల ట్యాంకు ఎడారిలోనే నిండా పోస్తాం, కొండల్లో సగం చాలు.

రంగు గడి ఇంకా ఖాళీ. ఎండకి తెలుపే మంచిదని ఆవిడ. మీరు చెప్పండి. వెనక తలుపు మీద మీ షెడ్డు పెయింటరు వేసే జంట చిలకలు నాకు కావాలి, కానీ ఈ ఫారంలో వాటికి గడి లేదు.

ఇట్లు
మీ బావమరిది