చిన్నాన్న జీపులో... అనంతగిరి ఘాట్!

అరకు వెళ్లడం మాకు కొత్త కాదు. రైల్లో వెళ్లాం, బస్సులో వెళ్లాం. ఈసారి మాత్రం మా చిన్నాన్నగారి ముప్ఫై ఏళ్ల నాటి డీజిల్ జీపులో బయలుదేరాం. ఆయనకు డెబ్భై అయిదు దాటాయి. కళ్లకు ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ పట్టడం మానేశారు. ‘పాత ఇనుముకి ఇచ్చేస్తే పోద్ది’ అని పిన్ని ఒకటే పోరు. ‘ఒక్కసారి ఘాట్ ఎక్కించి దించు. నీకు చేతనైతే బండి నీది, లేదంటే పాత సామాన్లోడిది’ అన్నారు చిన్నాన్న. అదీ పందెం!

విశాఖ నుంచి అరకుకి సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటగానే కొండలు మొదలు. పిల్లలు వెనక సీట్లో పాటలందుకున్నారు. నా చూపు మాత్రం హీట్ ముల్లు మీదే. త్యాడ దగ్గరికొచ్చేసరికి అది ఎర్రగీత వైపు పాకింది. బండి పక్కకు తీసి ఇంజిన్ కట్టేయబోతుంటే చిన్నాన్న నా చెయ్యి పట్టుకున్నారు.

‘కట్టీకు. న్యూట్రల్లో పెట్టి కాస్త రేజ్ చెయ్యి. ఇంజిన్ తిరిగితేనే కదా ఫ్యానూ తిరుగుద్ది, నీళ్లూ తిరుగుతాయి! బెల్టు తెగినా, ఆవిరి బుసకొట్టినా అప్పుడు ఆపాలి.’

వెనక చక్రాలకు రాళ్లు పెట్టాం. పది నిమిషాల్లో ముల్లు దిగింది. బానెట్ ఎత్తితే ఫ్యాన్ బెల్టు వదులు. బొటనవేలితో నొక్కితే అంగుళం పైగా లోపలికి పోతోంది. అర అంగుళం మించకూడదట. రేడియేటర్ సందుల్లో దుమ్మూ, గడ్డి గింజలూ. ఇంజిన్ చల్లారాక ఆల్టర్నేటర్ బోల్టు వదులుచేసి బెల్టు బిగించాం, బ్రష్‌తో గడ్డి దులిపాం. మూత జోలికి మాత్రం పోనివ్వలేదు. వేడిమీద తీస్తే సలసల కాగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. మేం మరమ్మతు చేస్తున్నంతసేపూ పిల్లలు కొండ అంచున వెళ్లే రైలు కోసం కళ్లు కాయలు కాసేలా చూశారు.

అనంతగిరి కాఫీ తోటలు చల్లగా పలకరించాయి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని, కింద కాఫీ మొక్కలు. ఆ అందం చూస్తుండగానే బండి రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. ట్యాంకులో సగానికి పైగా డీజిల్ ఉంది. మరేమిటి?

‘గాలి పట్టింది’ అన్నారు చిన్నాన్న. పైపు జాయింటు వదులైతే డీజిల్‌తోపాటు గాలీ లోపలికి వెళుతుంది. ఆ గాలి బుడగలుంటే పంపుకి డీజిల్ అందదు. జాయింటు బిగించి, ఫిల్టర్ మీది చిన్న స్క్రూ వదులుచేసి, చేతి పంపు కొట్టాను. మొదట నురుగు. తర్వాత బుడగల్లేని డీజిల్. స్క్రూ బిగించి తాళం తిప్పితే... స్టార్ట్! పిల్లల చప్పట్లకు నాకే సిగ్గేసింది.

బొర్రా గుహలు చూసి కటికి జలపాతం దారి పట్టాం. దారంతా రాళ్లూ గుంతలే. దిగి ముందు చక్రాల మధ్యనున్న హబ్‌లను లాక్ వైపు తిప్పి, ఫోర్ వీల్ లివర్ వేశాను. బండి ఏనుగులా నడిచింది. తారురోడ్డు ఎక్కాక లివర్ తీయబోతే రాదు! ‘మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. మట్టిలో జారి సర్దుకుంటాయి, తారు మీద సర్దుకోవు. పళ్లు బిగుసుకుంటాయి. నాలుగడుగులు వెనక్కి తియ్యి’ అన్నారు. అంతే, లివర్ వచ్చేసింది.

అసలు పరీక్ష దిగేటప్పుడే. ఊరికే బ్రేకు నొక్కిపెడితే డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతుంది. ‘ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు’ అన్నారు చిన్నాన్న. తర్వాత ఏమీ మాట్లాడలేదు. రెండు మలుపులు దాటాక ఏదైనా తప్పు చేశానేమోనని భయంగా పక్కకు చూశాను.

ఆయన హాయిగా నిద్రపోతున్నారు!

శృంగవరపుకోటలో టీ తాగాక జేబులోంచి రెండో తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. ‘పిన్నికి నేను చెప్తాన్లే’ అన్నారు.

పాత బండితో ఘాట్ ఎక్కుతున్నారా?
* బయలుదేరే ముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ నీళ్లు చూసుకోవాలి.
* బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి ఉంటే వైర్లు విప్పి, వేడినీళ్లతో కడిగి, తుడిచి, గ్రీజు రాయాలి. తాళం తిప్పినా స్టార్టర్ పలకకపోతే ముందు అక్కడే చూడాలి.
* వాగు దాటాక బ్రేకుల్ని మెల్లగా రెండు మూడుసార్లు నొక్కి, తడి ఆరనిచ్చాకే వేగం పెంచాలి.
* అదనపు బెల్టు, రబ్బరు పైపు, క్లిప్పులు, అయిదు లీటర్ల నీళ్లు, టార్చిలైటు వెంట ఉండాలి.