గేటు దగ్గర గూడ్సుబండి

రైల్వే గేటు పడితే చూస్తూ నిలబడని వాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి! ఇరవై పెట్టెల ఎక్స్‌ప్రెస్ అయితే రయ్యిన దాటిపోతుంది. అదే ఇరవై పెట్టెల గూడ్సయితే, కొనుక్కున్న పల్లీల పొట్లం ఖాళీ అయినా తెమలదు. పెట్టెలు అన్నే, మనం నిలబడ్డ సేపే ఎక్కువ. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో పనుంది.

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఓ మధ్యాహ్నం ప్రింటవుట్ పట్టుకొచ్చాడు. "మేడం, రెండు పదార్థాలూ సమానంగానే కలిపాను. కాంతిని పీల్చడంలోనూ రెండూ ఒకటే. రెండో పీక్ ఏరియా మాత్రం రెట్టింపు వచ్చింది. మెషీన్ పాడైనట్టుంది." మొదటిది 4 నిమిషాలకు, రెండోది 8 నిమిషాలకు వచ్చాయి. మెషీన్ శుభ్రంగా ఉంది.

మేం చేసేది కేపిల్లరీ ఎలక్ట్రోఫోరెసిస్, అంటే సన్నని గొట్టంలో వోల్టేజీతో పదార్థాలను వేరుచేయడం. ముందు ఆ గొట్టం సంగతి చెప్పాలి. లోపలి రంధ్రం 50 మైక్రాన్లు, అంటే వెంట్రుక కన్నా సన్నం. రెండు కొసలూ బఫర్ సీసాల్లో మునిగి ఉంటాయి, వాటి మధ్య 30 వేల వోల్టుల దాకా పెడతాం. అంత సన్నం కాబట్టే వేడి చప్పున బయటికి పోతుంది. 1981లో జోర్గెన్సన్, లుకాక్స్ 75 మైక్రాన్ల గొట్టంతో ఇది చేసి చూపించారు.

డిటెక్టర్ గొట్టం చివర ఉండదు, కాస్త ముందే ఉంటుంది. మాది 60 సెంటీమీటర్ల గొట్టం, కిటికీ 50 దగ్గర. పైనున్న గోధుమరంగు పూతను లైటరుతో కాల్చి, ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే అదే కిటికీ. అక్కడ వేలు కాస్త గట్టిగా తగిలిందా, టక్కున విరుగుతుంది. నేను మొదటి నెలలోనే మూడు విరిచాను. మైగ్రేషన్ టైమ్ అంటే ఆ కిటికీ చేరడానికి పట్టిన సమయం. అందుకే లెక్కలో రెండు పొడవులూ వస్తాయి: వోల్టేజీ 60కి, పరుగు 50కి.

పైగా లోపలి ద్రవం కూడా ఊరుకోదు. గాజుగోడ మీద రుణావేశం ఉంటుంది. దాని చెంత చేరిన ధనావేశపు అయాన్లు కిటికీ ఉన్న కేథోడ్ వైపు కదులుతూ ద్రవాన్నంతా లాక్కుపోతాయి. వరద గోదారిలో ఎదురీదేవాడు కిందికే కొట్టుకుపోయినట్టు, రుణావేశం ఉన్నవీ చాలావరకు ఇటే వస్తాయి, ఆఖర్న. ముందు ధనావేశం ఉన్నవి, మధ్యలో ఏ ఆవేశమూ లేనివి ఒకే గుంపుగా.

హెచ్‌పీఎల్‌సీ నుంచి వచ్చినవాళ్ళు పడే గొయ్యి ఒకటుంది. అక్కడ పంపు తోస్తుంది కాబట్టి డిటెక్టర్ ముందు అందరిదీ ఒకే వేగం. ఇక్కడ నెమ్మదిగా వచ్చేది కిటికీ ముందూ నెమ్మదే. గూడ్సుబండన్నమాట! అందుకే ఏరియాని మైగ్రేషన్ టైమ్‌తో భాగించాలి. కుర్రాడు భాగించాడు, రెండూ సమానమయ్యాయి. కాసేపు ఏమీ మాట్లాడలేదు పాపం.

టైమ్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. ఒక డిగ్రీ వేడెక్కితే ద్రవం చిక్కదనం సుమారు 2 శాతం తగ్గి, పీకులన్నీ ముందుకు జరుగుతాయి. బఫర్ పాతబడ్డా, గోడ మురికిపట్టినా పొద్దున వచ్చిన టైమ్ సాయంత్రానికి రాదు. నా మటుకు నేను పక్కన ఇంటర్నల్ స్టాండర్డ్ లేకుండా పీకుకు పేరు పెట్టను.

మీ సాఫ్ట్‌వేర్‌లో కరెక్టెడ్ ఏరియా అని ఉందేమో చూడండి. ఉంటే రేపటి రన్‌కి ముందే టిక్ పెట్టుకోండి.