నిజాం నేలకొరిగిన చోటు

వియన్నాలో ఓ చక్రవర్తి చనిపోయాడు. బుర్హాన్‌పూర్‌లో ఓ నిజాం కన్నుమూశాడు. ఎక్కడి వియన్నా... ఎక్కడి బుర్హాన్‌పూర్! ఆ రెండు చావులు రాజేసిన నిప్పు మాత్రం రాయలసీమలో, రాయచోటి దగ్గరి లక్కిరెడ్డిపల్లెలో భగ్గుమంది!

కడప నుంచి రాయచోటి వెళ్లే బస్సు గువ్వలచెరువు చేరిందంటే చాలు, ప్రయాణికుల చూపులన్నీ పాలకోవా దుకాణాల వైపే. ఘాటు దాటితే ఎర్ర నేలలు, గుండ్రాళ్ల గుట్టలు, వేరుశనగ చేలు, మామిడి తోటలు. రాయచోటి అనగానే వీరభద్రస్వామి గుడి గుర్తొస్తుంది. లక్కిరెడ్డిపల్లె అంటే అనంతపురం గంగమ్మ జాతర. ఒకప్పటి ఉమ్మడి కడప జిల్లాలో ఈ ఊళ్లకు అదే పేరు. కానీ చరిత్ర పుస్తకాల్లో లక్కిరెడ్డిపల్లె పేరు ఎక్కింది వేరే కారణంతో. 1751 ఫిబ్రవరిలో ఒక నిజాం, ఇద్దరు నవాబులు ఇక్కడే ఒకే పోరులో ప్రాణాలొదిలారు.

రెండు ఇళ్ల ఆస్తి తగవు

కథ మొదలయ్యింది యూరప్‌లో. హాబ్స్‌బర్గ్ వంశానికి చెందిన చక్రవర్తి ఆరో చార్లెస్ 1740 అక్టోబరులో వియన్నాలో మరణించాడు. పుట్టగొడుగుల కూర తిన్నాక జబ్బుపడ్డాడని చెబుతారు. మగ సంతానం లేదు. కూతురు మరియా థెరిసాకు దక్కాల్సిన రాజ్యం మీద చుట్టుపక్కల రాజుల కన్ను పడింది. బ్రిటన్ ఆమె పక్షం, ఫ్రాన్స్ ఎదుటి పక్షం. ఆ యుద్ధం సముద్రాలు దాటి కోరమండల్ తీరానికీ వచ్చింది. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు. 1748లో సంధి కుదరడంతో తిరిగి ఇంగ్లిషువాళ్లకు అప్పగించాల్సి వచ్చింది.

యుద్ధం ఆగింది. పుదుచ్చేరిలో గవర్నర్ డూప్లే దగ్గర సైన్యం మాత్రం మిగిలిపోయింది. దానికి పని కావాలి. ఆ పని వెతుక్కుంటూ వచ్చినట్టే వచ్చింది!

అదే 1748లో ఆసఫ్‌జాహీ వంశ మూలపురుషుడు నిజాం ఉల్ ముల్క్ బుర్హాన్‌పూర్‌లో చనిపోయాడు. పెద్దాయన పోతే ఆస్తి తగవులు ఏ ఇంట్లోనైనా మామూలే. ఇక్కడ ఆస్తి దక్కను మొత్తం. కొడుకు నాసిర్ జంగ్ ఒకవైపు, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ మరోవైపు. మేనమామకు ఇంగ్లిషువారి అండ, మేనల్లుడికి ఫ్రెంచివారి అండ.

సంకెళ్ల నుంచి గద్దెకు

మొదట మేనమామదే పైచేయి అయ్యింది. లొంగిపోయిన ముజఫర్ జంగ్‌కు సంకెళ్లు వేయించి, తన విడిదిలోనే బందీగా ఉంచాడు. అయితే నాసిర్ జంగ్ వెంట ఉన్న కర్నూలు, కడప, సావనూరు పఠాన్ నవాబులు లోలోపల డూప్లేతో చేతులు కలిపారు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర ఫ్రెంచి సేన మీద పడింది. ఏనుగెక్కి తన నవాబుల దగ్గరికి వచ్చిన నాసిర్ జంగ్‌ను వాళ్ల వైపు నుంచి వచ్చిన తుపాకీ గుండే బలి తీసుకుంది. మేనమామ తల మేనల్లుడి ముందుకు వచ్చింది. పొద్దున బందీగా ఉన్నవాడు పొద్దుగూకేసరికి నిజాం!

పుదుచ్చేరిలో డూప్లే కొత్త నిజాంకు ఘనంగా పట్టాభిషేకం చేయించాడు. 1751 జనవరిలో ముజఫర్ జంగ్ బయల్దేరాడు. తోడుగా బుస్సీ నాయకత్వంలో 300 మంది ఫ్రెంచివారు, 2 వేల మంది సిపాయిలు. నవాబులూ వెంటే ఉన్నారు, కానీ మనసులో మంట. చేసిన సాయానికి అడిగినంత ముట్టలేదన్నది వాళ్ల కోపం.

లక్కిరెడ్డిపల్లెలో ఆ రోజు

కడప నవాబు సీమలో అడుగుపెట్టాక ఆ మంట బయటపడింది. నవాబుల బలగాలు దారికి అడ్డం నిలిచాయి. బుస్సీ ఫిరంగుల ముందు అవి ఆగలేకపోయాయి. సావనూరు నవాబు చనిపోయాడు. కడప నవాబు గాయాలతో తప్పించుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే ముజఫర్ జంగ్ బతికేవాడే. కానీ ఫ్రెంచి సేనను వెనక వదిలేసి, కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్‌ను తరుముతూ వెళ్లాడు. రెండు ఏనుగులూ ఎదురుపడ్డాయి. ఈటె అని కొందరు, బాణమని కొందరు రాశారు గానీ దెబ్బ తగిలింది నిజాం తలకే. ఆ వెంటనే హిమ్మత్ ఖాన్‌నూ నిజాం మనుషులు నరికేశారు. ముజఫర్ జంగ్ నిజాంగా ఉన్నది రెండు నెలలకు కాస్త అటూ ఇటూ!

ఇప్పుడు గద్దె ఎవరికి? చనిపోయినవాడి కొడుకు పసివాడు. అదే విడిదిలో బందీలుగా నిజాం ఉల్ ముల్క్ కొడుకులు ముగ్గురున్నారు. వాళ్లలో సలాబత్ జంగ్‌ను బుస్సీ బయటికి తెచ్చి నిజాంను చేశాడు. అలా రెండు నెలల్లో రెండోసారి ఒక బందీ నిజాం అయ్యాడు. ఈసారి నిజాం ఎవరో తేల్చింది ఒక ఫ్రెంచి సేనాని. దక్కను గద్దె తాళం పరాయి చేతికి వెళ్లింది. 1753లో ఉత్తర సర్కారు జిల్లాలు ఫ్రెంచివారికి దక్కడానికి దారి ఇక్కడే పడింది.

ఎవరి చివరి మజిలీ ఎక్కడ?

కొద్ది వారాలకే బుస్సీ సేన కర్నూలు కోట మీద పడింది. కోటలోని వారిని ఊచకోత కోసింది. నేడు నగరం నడిబొడ్డున ఠీవిగా కనిపించే కొండారెడ్డి బురుజు ఆ కోటలో మిగిలిన ముక్కే. హంద్రీ ఒడ్డున రెండు గుమ్మటాలతో ఉన్న గోల్ గుమ్మజ్ అంతకు ముందు శతాబ్దపు పాలకుడు అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌కు సొంత ఊళ్లో చనిపోయే రాత కూడా లేకపోయింది. 1839లో ఇంగ్లిషువాళ్లు గద్దె దింపి తిరుచిరాపల్లి పంపారు. మరుసటి ఏడు తన సేవకుడి చేతిలోనే హతమయ్యాడు.

లక్కిరెడ్డిపల్లెలో గద్దెనెక్కిన సలాబత్ జంగ్‌ను 1762లో తమ్ముడు నిజాం అలీ దించేసి బీదర్ కోటలో బంధించాడు. 1763లో ఆ చెరలోనే సలాబత్ కథ ముగిసింది. ఆటంతా ఆడించిన డూప్లే, ఫ్రాన్స్ వెనక్కి పిలిపించాక, బాకీల కోసం కంపెనీతో పోట్లాడి పోట్లాడి అదే 1763లో పారిస్‌లో పేదవాడిగా చనిపోయాడు. ఆ బందీల్లో మూడోవాడు బసాలత్ జంగ్‌కు మాత్రం ఆదోని దక్కింది. 1782లో కన్నుమూసే దాకా ఆయన ఏలుబడి అక్కడే, సమాధీ అక్కడే.

వెళ్లాలనుకుంటే...

కర్నూలులో బురుజు, గోల్ గుమ్మజ్ ఒక పూటలో చూడొచ్చు. అక్కడి నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప. కడప నుంచి రాయచోటి సుమారు 50 కిలోమీటర్లు. లక్కిరెడ్డిపల్లెలో కోటలు, గుమ్మటాలు ఉంటాయని వెళితే నిరాశే. పిల్లలకు ఈ కథ చెప్పుకుంటూ గుట్టల మధ్య దారి చూపించడమే అక్కడి విశేషం. ఎండలు ముదరక ముందు, అంటే ఆ యుద్ధం జరిగిన ఫిబ్రవరి నెలలోనే వెళ్తే హాయిగా తిరిగి రావచ్చు. తిరుగు దారిలో గువ్వలచెరువు కోవా ఎలాగూ ఉండనే ఉంది!