మొదటి పలక

పిల్లలూ! గోదావరిలో లాంచీ పోతూండగా మీరెప్పుడైనా చూచారా? లాంచీ ముందుకు పోతూంటే దాని వెనక నీరు అలలుగా లేచి, ఒడ్డున కట్టిన పడవలను ఊపేస్తుంది. మా చిన్నతనంలో ఆ అలల కోసం రేవుమెట్ల మీద కాచుకుని కూచునేవాళ్ళం. పడవ వెనక లేచే అలను ఇంగ్లీషులో "వేక్" అంటారు. ఆ అల మీద పలక వేసుకుని, నిలబడి జారే ఆట ఒకటున్నది. దాని పేరు వేక్‌సర్ఫింగు. ఆ ఆటకు పలక కొనబోయి నేనొక పొరపాటు చేశాను. అది మీకు చెబుతాను.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయాను. 2023 వేసవిలో అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళుండేది టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో. అక్కడికి దగ్గిరలో ట్రావిస్ అనే పెద్ద సరస్సున్నది. కొలరాడో నదికి అడ్డంగా మాన్స్‌ఫీల్డ్ ఆనకట్ట కట్టగా, వెనక నిలిచిన నీరే ఆ సరస్సు. (గ్రాండ్ కాన్యన్‌లో పారే కొలరాడో వేరు, ఇది వేరు. పేరు మాత్రం ఒకటే.)

మా మనవరాలికి అప్పుడు పన్నెండేళ్ళు. దాని స్నేహితురాలు ఈ ఆటలో ఆరితేరింది. "తాతయ్యా, నాకూ ఒక పలక కొనిపెట్టవూ?" అని అడిగింది. ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. గోడ పొడుగునా రంగురంగుల పలకలు! మా పిల్ల కన్ను ఒక ఎర్ర పలక మీద పడింది. అది నాలుగడుగుల పొడవు. పలచగా, తేలిగ్గా ఉన్నది. అడుగున ఒకే ఒక చిన్న రెక్క. స్నేహితురాలిది కూడా అలాటిదేనట. దుకాణం కుర్రవాడు ఏదో చెప్పబోయాడు. నేను అడ్డు తగిలి, "ఫరవాలేదు, మా పిల్ల చురుకైనది. ఇట్టే నేర్చుకుంటుంది," అని డబ్బిచ్చేశాను.

ఆ శనివారం పడవ ఒకటి అద్దెకు తీసుకున్నాం. పడవతోబాటు నడిపే ఆయన కూడా వచ్చాడు. ముందు అందరం లైఫ్ జాకెట్లు తొడుక్కున్నాం. 26 అడుగుల లోపు పడవ కదులుతూండగా 13 ఏళ్ళలోపు పిల్లలు దాన్ని తొడుక్కునే తీరాలని టెక్సస్‌లో చట్టం. పెద్దలం మేము కూడా తొడుక్కున్నాం; పిల్లలకు మాటలతో చెప్పడం కన్న చేసి చూపడం మేలు.

ఈ ఆట ఎలా ఆడతారో చెబుతాను. పడవలో ఉన్న తొట్లలోకి సరస్సు నీరు తోడి పడవను బరువెక్కిస్తారు. బరువైన పడవ నీటిలో లోతుగా దిగి, పెద్ద అల లేపుతుంది. ఆడే మనిషి నీటిలో వెల్లకిలా తేలుతూ, మడమలు పలక మీద ఆనించి, ఇరవై అడుగుల తాడు పట్టుకుంటుంది. పడవ మెల్లిగా కదలగానే పలక పాదాల కిందికి వస్తుంది. అప్పుడు లేచి నిలబడాలి. అలకు సరిగా ఎదురుపడితే తాడు వదిలేయవచ్చు. కొండవాలున జారినట్టే అలవాలున జారుతూంటారు. ఆ కొండ కూడా పడవతోబాటే నడుస్తూంటుంది కనక, జారుడు అయిపోవడమంటూ ఉండదు!

మనవరాలు నీళ్ళలో దిగింది. పడవ కదిలింది. పలక చేపలా పక్కకు జారింది. పిల్ల బుడుంగున మునిగి తేలింది. మళ్ళీ ప్రయత్నం, మళ్ళీ అంతే. ఇలా పదకొండు సార్లయింది. పన్నెండోసారి తాడు పట్టుకోలేదు. పడవ ఎక్కి, తువ్వాలు కప్పుకుని, తల వంచుకుని, "నాకు చేతకాదు, తాతయ్యా," అన్నది.

ఆ మాట విని నా గుండె ఝల్లుమన్నది. ఎందుకంటే, అదే మాట నేను మరొకరి నోట విన్నాను. 1994లో మా బడిలో ఆరో తరగతి కుర్రవాడొకడు లెక్కలు గబగబా చేసేవాడు. వాడి తెలివి చూసి మురిసిపోయి, డబుల్ ప్రమోషన్ ఇప్పించి ఎనిమిదిలో కూచోబెట్టాను. తక్కిన పాఠాలు వాడికి అందలేదు. నాలుగు నెలలు చూసి, "నాకు చేతకాదు, మాస్టారూ," అని పుస్తకాలు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఎంత బతిమాలినా మళ్ళీ బడికి రాలేదు. వాడు మంచి విద్యార్థి. తప్పు వాడిది కాదు, నాది.

పడవ నడిపే ఆయన మా దగ్గిరికి వచ్చి, "ఈ అమ్మాయి బరువెంత?" అని అడిగాడు. దుకాణంలో నేను అడగవలసిన మొదటి ప్రశ్న అది! 88 పౌన్లు, అంటే 40 కిలోలు. ఆయన నవ్వి, సీటు కిందినుంచి గీతలు పడిన పాత పలక ఒకటి తీశాడు. ఎర్రదాని కన్న పొడుగు, వెడల్పు, మందం. అడుగున మూడు రెక్కలు.

నేను వెంటనే లెక్క కట్టాను. మీరూ కట్టండి. ఎర్ర పలక 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 2 మందం. గుణిస్తే 10,800 ఘన సెంటీమీటర్లు. పాత పలక 140 పొడవు, 50 వెడల్పు, 4 మందం. అది 28,000! మూలలు గుండ్రం కనక రెండింటిలోనూ కొంత తగ్గుతుంది. అయినా పాతది రెండింతలకు పైమాటే. ఎంత నీటిని తొలగిస్తే అంత బరువును నీరు మోస్తుందని ఆర్కిమిడీసు చెప్పలేదూ? పైగా ఈ ఆటలో పడవ సాధారణంగా గంటకు సుమారు 16–18 కిలోమీటర్ల వేగంతోనే పోతుంది. వేగం తక్కువైతే నీరు పలకను పైకి నెట్టే బలమూ తక్కువే. అందుకే పలక వెడల్పుగా ఉండాలి. ఇక రెక్కలు పలకను పక్కకు జారనివ్వవు. ఎర్రది విన్యాసాలు చేసేవారి కోసం కావాలనే జారేట్టు చేసినదట.

"ఒక్కసారి," అని మనవరాలిని బతిమాలాం. అది లేచి నుంచోగానే ఆయన వెనకనుంచి మెల్లిగా తోశాడు. ఎడమ పాదం ముందుకు పడింది. "నీకు ఎడమకాలు ముందుండాలి," అన్నాడు. మళ్ళీ దిగింది. మొదటిసారి పడింది. రెండోసారి మోకాళ్ళదాకా లేచింది. మూడోసారి నిలబడింది! అలా ఎంతసేపు నిలబడిందో నేను లెక్కపెట్టలేదు. నా కళ్ళు మసకలు కమ్మినై.

కనక పిల్లలూ, ఈ ఆటకు మొదటి పలక కొనేటప్పుడు రంగు చూడకండి, స్నేహితులది చూడకండి. మీ బరువు చెప్పి, దానికి తగినది అడగండి. సందేహం కలిగితే కాస్త పెద్దదే తీసుకోండి. వీలైతే ముందు ఎవరిదైనా అడిగి తీసుకుని చూడండి. ఇంకొక సంగతి ఎన్నడూ మరవకండి: తాడు పొట్టిది కనక ఆడే మనిషి పడవకు చాలా దగ్గిరగా ఉంటాడు. పంకా పడవ అడుగున, లోపలికి ఉన్న పడవ వెనకనే ఈ ఆట ఆడాలి. పంకా వెనకకు పొడుచుకు వచ్చిన పడవ వెనక ఆడితే ప్రాణానికే ప్రమాదం.

ఎర్ర పలక ఏడాదిపాటు గోడకు ఆనించి ఉన్నది. 2024 వేసవిలో మా మనవరాలు దాని మీద కూడా నిలబడిందని మా అమ్మాయి ఫోను చేసి చెప్పింది. అది చెడ్డ పలక కాదు. దాని వేళ అప్పటికి రాలేదు, అంతే.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ పిల్ల ఎప్పుడైనా "నాకు చేతకాదు" అంటే, పిల్లను కోప్పడకండి. ముందు మీరు దాని చేతికిచ్చిన పలక ఏదో చూడండి.