నల్లని తెర

తెర నల్లబడినంతనే యంత్రము చెడిపోయెనని నిశ్చయించుట లోకములో సామాన్యము. దీపము వెలుగకున్నచో చమురు లేదో, వత్తి లేదో, గాలి వీచెనో చూచినగాని కారణము తెలియదు గదా! కంప్యూటరు విషయమునను అట్లే. ఈ సంవత్సరము మా పాఠశాలలో జరిగిన యొక సంగతి మాకీ విషయమును చక్కగా బోధించినది. దానిని తోడి విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

మా కంప్యూటరు గదిలోని యంత్రములు లినక్సు అను వ్యవస్థచే నడచుచున్నవి. ఫిన్లండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయములో చదువుచుండిన లీనస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల విద్యార్థి 1991లో దీనికి అంకురార్పణ చేసెను. దీని మూలము ఎల్లరకును తెరచియున్నది; ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. మా యంత్రములలో నొకదానియందు తెరపై బొమ్మలను గీయు గ్రాఫిక్స్ కార్డు ప్రత్యేకముగా అమర్చబడియున్నది. మా యిండ్లలోని అవ్వలును తాతలును చెప్పిన సామెతలను వారి కంఠములతోడనే ఆ యంత్రములో భద్రపరచుచుంటిమి.

ఒకనాడు వ్యవస్థకు క్రొత్త మార్పులు దిగిన పిమ్మట యంత్రమును మరల వెలిగింపగా, తెర నల్లనై నిలిచిపోయెను. చూడవచ్చిన మరమ్మతుదారు డొకడు కార్డు కాలిపోయినదనియు, క్రొత్తది కొని, డిస్కును తుడిచి, అంతయు మొదటినుండి యెక్కింపవలెననియు చెప్పెను. ఆ వారము చేర్చిన కంఠములకు వేరొక ప్రతి యింకను తీయబడలేదు. వారిలో నొక యవ్వ మాతో మాటలాడిన నాలుగవనాడే కన్నుమూసియుండెను. ఆమె కంఠము మరెక్కడను లేదు. మా ఉపాధ్యాయులవారు, "తుడుచుట యెప్పుడైనను చేయవచ్చును. ముందు యంత్రము ఏ మెట్టుమీద ఆగినదో చూడుడు" అని సెలవిచ్చిరి.

యంత్రము మేలుకొనుట నాలుగు మెట్లెక్కుట వంటిది. మొదట ఫర్మ్‌వేరు అవయవములను పరీక్షించును. రెండవది గ్రబ్ అను చిన్న ప్రోగ్రాము. అది కెర్నెలును పిలుచును. మూడవ మెట్టున కెర్నెలు మెమరీని, డిస్కును, గ్రాఫిక్స్ కార్డును తన యధీనము చేసికొనును. కడపట లాగిన్ తెర కానవచ్చును. మాకు గ్రబ్ పట్టికవరకు అంతయు స్పష్టముగా కనబడెను. తెరనుండి వచ్చు తీగ కార్డునకే తగిలింపబడియుండెను. కాబట్టి కార్డు పూర్తిగా కాలలేదు. తెర నల్లబడిన తరువాత క్యాప్స్ లాక్ మీటను నొక్కగా దాని దీపము వెలుగుచు ఆరుచుండెను. కాబట్టి కెర్నెలును బ్రదికియే యున్నది.

గ్రబ్ పట్టికలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' అనుచోట వెనుకటి కెర్నెలు కూడ నిలిచియుండెను. దానిని ఎన్నుకొనగా లాగిన్ తెర ప్రత్యక్షమయ్యెను! మా యానందమునకు మేర లేదు. మరియే పనియు ముట్టక, మొట్టమొదట ఆ కంఠములన్నిటికి పెన్ డ్రైవులో ప్రతి తీసితిమి.

వెనుకటి కెర్నెలు లేనివారికి వేరొక మార్గము కలదు. గ్రబ్ పట్టికలో ఇంగ్లీషు ఐదవ యక్షరపు మీటను నొక్కి, లినక్స్ అను మాటతో మొదలగు వరుస చివర నో, మోడ్, సెట్ అను మూడు మాటలను ఎడము లేక కలిపి ఇంగ్లీషులో వ్రాసి, ఎఫ్10 మీటను నొక్కవలెను. అప్పుడు కెర్నెలు కార్డుయొక్క ప్రత్యేక శక్తుల జోలికి పోక సాదా తెరతో లేవ ప్రయత్నించును. ఆ మార్పు ఆ యొక్క పర్యాయమునకే, శాశ్వతము కాదు.

పిదప కారణము వెదకితిమి. వ్యవస్థ తన దినచర్యను తానే వ్రాసికొనును. జర్నల్‌సీటీఎల్ అను ఆజ్ఞతో దానిని చదువగా, కార్డును నడుపు డ్రైవరు క్రొత్త కెర్నెలునకు దొరకలేదని తెలిసెను. ఆ డ్రైవరు ప్రతి కెర్నెలునకును వేరుగా కుట్టవలసిన చొక్కా వంటిది. కుట్టుటకు కొలతలు వలయును. వానికి హెడర్లని పేరు. క్రొత్త కెర్నెలు వచ్చినది గాని దాని హెడర్లు రాలేదు. వానిని తెప్పింపగా, డీకేఎంఎస్ అను దర్జీ డ్రైవరును సిద్ధపరచెను. క్రొత్త కెర్నెలుతోడనే తెర వెలిగెను. కార్డు కొనవలసిన పని లేకపోయెను.

కార్డు నిజముగా కాలిపోవు సందర్భములును గలవు. అది పరీక్షించి తెలిసికొనవలసినదే గాని ఊహించి చెప్పదగినది కాదు. సోదర సోదరీమణులారా, ముందు ప్రతి తీయుడు. యంత్రము ఆగిన మెట్టును గుర్తింపుడు. ఒక పర్యాయమున కొక్క మార్పే చేసి, దానిని పుస్తకములో వ్రాసికొనుడు. నాలుగు మార్పులు ఒక్కసారి చేసినవానికి ఏది మందో, ఏది విషమో తెలియదు. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పిన మాట యంత్రములకును చెల్లును.