గంటంపావు దూరం

విశాఖపట్నం నుండి హైదరాబాదు ఎంత దూరమని అడిగితే మనం కిలోమీటర్లు చెప్పము, గంటలు చెబుతాము. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి. 2023 జనవరిలో మొదలైన వందే భారత్‌లో దాదాపు ఎనిమిదిన్నర గంటలు. విమానంలో గంటంపావు. రైలుదారి సుమారు 700 కిలోమీటర్లు, ఆకాశమార్గం సుమారు 500. పెళ్ళికి వెళ్ళేవారికి ఈ లెక్క చాలును. రోగికి చాలదు. వైద్యుడినై ఉండి కూడా నేను ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను.

అది 2010. ఉద్యోగ విరమణకు ఏడాది ముందు నేను మన్యంలో పనిచేస్తున్నాను. తెల్లవారుజామున ఐదున్నరకు గాజువాక నుండి మా చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, మీ బావకి గుండెల్లో పట్టేసినట్టుందిట. ఒళ్ళంతా చెమటలు." వారి అబ్బాయి హైదరాబాదు నుండి అప్పటికే టిక్కెట్లు తీశాడు. "ఇక్కడ పెద్ద ఆసుపత్రి ఉంది మామయ్యా, విమానంలో గంటే కదా" అన్నాడు. నేను సరే అన్నాను. ముందు ఇ.సి.జి. తీయించమని ఒక్కమాట అనలేదు.

ఆ ఉదయాన్ని తరువాత ఎన్నోసార్లు కాగితం మీద వేసుకున్నాను. ఏడింటికి విమానాశ్రయం. నొప్పి అని చెబితే ఎక్కనివ్వరని బావగారు చెమట తుడుచుకుని ఊరుకున్నారట. తొమ్మిదింటికి విమానం లేచింది. పదింబావుకు శంషాబాదు. నగరంలో ఆసుపత్రికి చేరేసరికి పన్నెండు కావచ్చింది. మూసుకున్న రక్తనాళాన్ని తెరిచేసరికి ఒంటిగంట. మొత్తం ఏడున్నర గంటలు! గాజువాక నుండి కింగ్ జార్జి ఆసుపత్రికి ఆ వేళప్పుడు గంట కూడా పట్టదు.

రక్తం అందని గుండె కండరం అరగంటలోనే చనిపోవడం మొదలుపెడుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షను పన్నెండు గంటల వరకు ఇవ్వవచ్చు. అయితే మొదటి రెండు మూడు గంటలలో దక్కే కండరం తరువాత దక్కదు. పైగా ఎగిరే విమానం లోపలి గాలి ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండమీది గాలితో సమానం. మన అరకు సుమారు మూడు వేల అడుగులే. ప్రాణవాయువు చాలక అల్లాడుతున్న గుండెను మనమే కొండ ఎక్కించామన్నమాట.

బావగారు బతికారు. కాని ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచిన మనిషి, ఆ తరువాతి ఆరేళ్ళు మేడమెట్లు ఎక్కలేకపోయారు. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో.

కనుక మీ ఇంట ఎవరికైనా ఛాతీ బరువెక్కి చెమటలు పోస్తే టిక్కెట్ల కోసం చూడకండి. 108కి ఫోను చేసి, ఇ.సి.జి. తీసి చికిత్స మొదలుపెట్టగల దగ్గరి ఆసుపత్రికి చేర్చండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చేయి పడిపోయినా అంతే. మెదడులోని గడ్డను కరిగించే ఇంజెక్షనుకు గడువు నాలుగున్నర గంటలే. హైదరాబాదు ఎక్కడికీ పోదు. ప్రమాదం గట్టెక్కాక, విమానం ఎప్పుడు ఎక్కవచ్చునో వైద్యుడే చెబుతాడు.

అటువంటి ఆసుపత్రి మీ ఇంటి నుండి అర్ధరాత్రి ఎన్ని నిమిషాలో మీకు తెలుసునా? మా ఇంటి నుండి పదకొండు. నిరుడు ఒక రాత్రి పనిగట్టుకుని కారులో వెళ్ళి చూసి వచ్చాను. మా ఆవిడ నవ్వింది గాని, తోడు వచ్చింది.